పండగలు, పసిపిల్లలు: అపోహలు – వాస్తవాలు

కడపలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చదువు చెప్పే పని నాది. పండగ దగ్గర పడితే తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు అనే మాటలు కొన్ని ఏటా అవే. వాటి గురించే ఇది.

అపోహ: ఈ వయసులో పండగ అర్థం చెప్పినా బుర్రకెక్కదు.

ఉపన్యాసంలా చెబితే ఎక్కదు, నిజమే. ఉగాది పచ్చడి చూపించి జీవితంలోని కష్టసుఖాలు అంటే నాలుగేళ్ల పిల్ల కిటికీ వైపు చూస్తుంది. వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, మామిడికాయ ముక్కలు, ఉప్పు, కారం ఆరు గిన్నెల్లో విడివిడిగా పెట్టండి. కొంచెం కొంచెం నాలుకకు రాసి, ఏది ఎలా ఉందో వాళ్లనే చెప్పనివ్వండి. ఆ తర్వాత వాళ్ల చేతులతోనే కలిపించండి. 'చేదు ఎక్కడికి పోయింది?' అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. అక్కడ పెద్దవాళ్లు నోరు మూసుకుంటే చాలు, మిగతాది వాళ్లే మాట్లాడుకుంటారు. ఉమ్మేస్తే ఉమ్మేయనివ్వండి. ఏడాది మొదటిరోజే అపశకునమని కసిరితే పిల్లకు గుర్తుండేది ఆ కసురే.

అపోహ: ప్రతి ఆచారం వెనకా సైన్స్ ఉంది, పిల్లలకు అదే చెప్పాలి.

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. గడపకు పసుపు రాస్తే ఇంట్లోకి క్రిములు రావని, గుడిలో గంట కొడితే మెదడు రెండు భాగాలూ ఏకమవుతాయని పండగకో వాట్సాప్ ఫార్వర్డ్ వస్తుంది. ఎవరు పరీక్షించి చూశారో అందులో ఉండదు. చిన్నప్పుడు నమ్మించిన ఇలాంటి కారణం పదేళ్లకు తప్పని తెలిస్తే, కారణంతోపాటు పండగ మీద కూడా నమ్మకం పోతుంది.

పిల్లల 'ఎందుకు'లకు జవాబులు మూడు రకాలు. వాటిని కలిపేయకుండా ఉంటే చాలు.

మొదటిది కంటికి కనబడే కారణం. సంక్రాంతికి పంట ఇంటికొస్తుంది. ఏరువాక పున్నమికి దుక్కి పనులు మొదలవుతాయి కాబట్టి ఎద్దులను కడిగి కొమ్ములకు రంగులు పూస్తారు. ఎద్దుల్లేని ఇంటి పిల్లవాడు 'మన ట్రాక్టర్‌కు స్నానం చేయిద్దాం' అన్నాడంటే వాడికి పండగ అర్థమైనట్టే.

రెండోది కథ. మన ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం రాత్రిపూట, పండు వెన్నెల్లో జరుగుతుంది. పగటి పెళ్లి చూడలేకపోయానని చంద్రుడు బాధపడితే రాముడు మాటిచ్చాడని చెబుతారు. దీనికి సైన్స్ వెతకడం దేనికి? 'అని పెద్దలు చెప్పుకుంటారు' అనే ముక్క చివర చేరిస్తే అది కథ అని పిల్లలకు తెలుస్తుంది, ఇష్టంగానూ వింటారు.

మూడోది 'మన ఇంట్లో ఇలా చేస్తాం'. అదీ జవాబే. 'ఎందుకో అవ్వను అడుగుదాం పద' అంటే ఇంకా మంచిది. అవ్వకూ తెలియకపోతే కొంపలేం మునగవు.

అపోహ: వేరే మతం పండగల గురించి చెబితే మన పండగలు మర్చిపోతారు.

ఈ మాట కడపలో వినడమే వింత. ఉగాదినాడు దేవుని కడప గుడి దగ్గర నిలబడి చూడండి. వేంకటేశ్వర స్వామి భార్య అని చెప్పుకునే బీబీ నాంచారిని తమ ఆడపడుచుగా భావించే ముస్లింలు ఆ రోజు స్వామి దర్శనానికి వస్తారు. పండక్కి అల్లుడి ఇంటికి వచ్చారని చెబితే మూడేళ్ల పిల్లకూ అర్థమవుతుంది.

పీర్ల పండగ విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయస్వామి దగ్గరికి అన్ని మతాలవాళ్లూ వెళతారు, సందడి సందడిగా ఉంటుంది. దాంతో ఇదీ సంబరమే అనుకుని మొహర్రం శుభాకాంక్షలంటూ పిల్లలతో కార్డులు చేయిస్తారు. కర్బలా యుద్ధంలో మహమ్మద్ ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్, ఆయన వెంట ఉన్నవాళ్లు చనిపోయినందుకు దుఃఖపడే రోజులవి. పిల్లలకు యుద్ధం గురించి చెప్పక్కర్లేదు. 'అప్పుడు వాళ్లకు తాగడానికి నీళ్లు దొరకలేదు, అందుకే ఈ రోజు దారిన పోయేవాళ్లకు షర్బత్ ఇస్తారు' అంటే సరిపోతుంది. ఏడుపొచ్చే పండగలు కూడా ఉంటాయా అని ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపోనివ్వండి.

అపోహ: బడిలో వేషాలు వేయించి, డాన్స్ చేయిస్తే పండగ నేర్పినట్టే.

ఫొటోలు మాత్రం బాగా వస్తాయి. కృష్ణుడి వేషంలో గంటసేపు ఉక్కపోతకు ఏడ్చిన పిల్లవాడికి కృష్ణాష్టమి అంటే కిరీటం గుచ్చుకోవడమే.

అపోహ: పండగ రోజు పిల్లలు పనికి అడ్డం.

పని ఉన్న చోటే పండగ ఉంటుంది. వినాయక చవితికి పత్రి వేరుచేయడం, మామిడాకులు తుడవడం, బక్షాల (బొబ్బట్ల) పిండి ఉండలు చేయడం వాళ్లకిచ్చేయండి. పొయ్యి, నూనె, టపాకాయలు మాత్రం దూరం. ఒక మాట, భోగిపళ్లు పోసేటప్పుడు రేగుపళ్లతోపాటు చిల్లర నాణేలు కలుపుతారు కదా. మూడేళ్లలోపు పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటారు, గొంతుకు అడ్డం పడతాయి. నాణేలు మానేయండి. రేగుపళ్లలోనూ గింజలుంటాయి, పోయడం కాగానే ఆ పళ్లు కూడా ఏరేయండి.