అక్క, నడిపివాడు, కడగొట్టువాడు

పిల్లలూ,

"పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి" అన్న మాట పడని పెద్దకూతురు మన ఇళ్లలో అరుదు. కడగొట్టువాడికేమో గారాబం. ఇలాంటి మాటే వియన్నా డాక్టరు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ సుమారు వందేళ్ల కిందట సిద్ధాంతం చేశాడు. పెద్దవాళ్లకు బాధ్యత ఎక్కువట, రెండోవాళ్లకు పోటీ ఎక్కువట. ఆయన రెండోవాడు లెండి!

ఇప్పుడు అమెరికాలోని అట్లాంటాకు రండి. ఒక నల్లజాతి పాస్టరుగారింట్లో ముగ్గురు పిల్లలు. 1927లో క్రిస్టీన్, 1929లో మార్టిన్, 1930లో ఆల్‌ఫ్రెడ్. నడిపివాడు మీకు తెలిసిన మార్టిన్ లూథర్ కింగే. 1944లో, పదిహేనేళ్లకే, నల్లజాతి విద్యార్థుల మోర్‌హౌస్ కాలేజీలో చేరాడు. డాక్టరవుదామనుకున్నాడు, లాయరవుదామనుకున్నాడు, సోషియాలజీ చదివాడు, చివరికి పాస్టరయ్యాడు. అక్క స్పెల్‌మన్ కాలేజీలో చదివి, తర్వాత అక్కడే పాఠాలు చెప్పింది. ఇద్దరికీ పట్టా వచ్చింది ఒకే ఏడు, 1948లో.

తమ్ముడూ పాస్టరే అయ్యాడు. నడిపివాడూ కడగొట్టువాడూ ఒకే దారి పట్టారంటే, పుట్టిన వరుసలో వెతికితే జవాబు దొరకదు. తండ్రి పాస్టరు, అమ్మ తండ్రీ పాస్టరే, అందరిదీ ఎబెనేజర్ చర్చే. పైగా ఆ రోజుల్లో దక్షిణ రాష్ట్రాల్లో ఎంత చదివినా నల్లవాళ్లకు దొరికే పనులు కొన్నే. బడి, చర్చి, తమవాళ్లకు వైద్యం, తమవాళ్ల తరఫున వకాల్తా. ఆడపిల్లయితే అందులో సగం కూడా కాదు.

పుట్టిన వరుసను బట్టి గుణాలు మారతాయా అని 2015లో పరిశోధకులు అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20,000 మందికి పైగా వివరాలు పరిశీలించారు. తెలివి పరీక్షల్లో పెద్దవాళ్లకు కాస్త ఎక్కువ మార్కులు వచ్చాయి, అదీ నామమాత్రం. కలుపుగోలుతనం, క్రమశిక్షణ లాంటి గుణాల్లో మాత్రం వరుస జాడే కనబడలేదు. నాకైతే ఆశ్చర్యం వేయలేదు.

అమెరికాలోనే వెస్ట్ వర్జీనియాలో పుట్టిన నల్లజాతి లెక్కల నిపుణురాలు కేథరిన్ జాన్సన్ నలుగురిలో ఆఖరిది. వాళ్ల ప్రాంతంలో నల్లపిల్లలకు ఎనిమిదో తరగతి తర్వాత బడి లేదు. పిల్లల చదువు కోసం అమ్మానాన్నలు దూరాన వేరే ఊళ్లో కాపురం పెట్టారు. ఆమె 1937లో పద్దెనిమిదేళ్లకే డిగ్రీ ముగించింది. లెక్కల్లో అంత దిట్టకు దొరికింది టీచరు ఉద్యోగం. నాసాకు ముందున్న సంస్థలో అడుగుపెట్టేసరికి 1953 అయింది. 1962లో భూమి చుట్టూ తిరగబోయే ముందు వ్యోమగామి జాన్ గ్లెన్, కంప్యూటర్ వేసిన లెక్కల్ని ఆమె చేత సరిచూయించమన్నాడు.

మీ తాతయ్య