డిస్క్ పీకేస్తే విండోస్ ఎందుకు రాదు?

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఉబుంటు (ఒక రకం లినక్స్) వేసుకున్న ఒక పాఠకుడు అడిగారు: "డిస్క్ పెట్టి ఉంటే అంతా బాగుంది. పీకేస్తే విండోస్ రావడం లేదు. నల్లటి స్క్రీన్ మీద గ్రబ్ అని కనబడి ఆగిపోతోంది. ల్యాప్‌టాప్ పాడైందా?"

పాడవలేదు. గ్రబ్ అంటే ఆన్ చేయగానే లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రాము. విండోస్ ఎక్కడిదక్కడే ఉంది. ఆన్ అవుతున్నప్పుడు ఏది నడపాలో అడిగే బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ని ఎంచుకుంటే మామూలుగానే వచ్చేస్తుంది. లినక్స్ జోలికెళ్తే కంప్యూటర్ చెడిపోతుందన్న మూఢనమ్మకం ఇలాంటి చోటే పుడుతుంది.

ఇన్‌స్టాల్ చేసే స్టెప్పులు ఎక్కడైనా దొరుకుతాయి, వాటిని వదిలేద్దాం. పవర్ బటన్ నొక్కాక ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద ఉండే బయోస్ అనే ప్రోగ్రాము డిస్క్‌లోని మొదటి 512 బైట్లు చదివి, పగ్గాలు అక్కడున్న ప్రోగ్రాముకి ఇచ్చేసేది. ఆ ప్రోగ్రాముకి దక్కే చోటు 446 బైట్లే! అయినా అది డిస్క్‌తో పాటే తిరిగేది.

బయోస్ స్థానంలో కొత్త కంప్యూటర్లలో వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. 'ఫలానా పార్టిషన్‌లో (డిస్క్‌లోని భాగంలో) ఫలానా ఫైలు నడుపు' అన్న సమాచారం మదర్‌బోర్డు మీది చిన్న మెమరీలో ఉంటుంది. ఆ ఫైలేమో ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్ పార్టిషన్‌లో ఉంటుంది. ఉబుంటు ఇన్‌స్టాలర్ చాలాసార్లు గ్రబ్‌ను కొత్త డిస్క్‌లో కాకుండా ల్యాప్‌టాప్ లోపలి డిస్క్‌లో ఉన్న ఈఎస్‌పీలో పెట్టేసి, ఆ మెమరీలో దాన్నే ముందు నడపమని రాస్తుంది. గ్రబ్ లోపల, అది వెతికే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) బయట. డిస్క్ పీకితే గ్రబ్‌కు దిక్కు తోచదు.

ఈ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే? దాని మదర్‌బోర్డు మెమరీలో ఈ డిస్క్ ఊసే ఉండదు. పరాయి ఊళ్లో మనల్ని పేరుతో ఎరిగినవాళ్లు లేకపోతే సత్రంలో వాకబు చేస్తారు కదా, యూఈఎఫ్ఐకి కూడా అలాంటి సత్రం ఒకటుంది. ఈఎఫ్ఐ ఫోల్డర్, అందులో బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అన్న ఫైలు. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషిన్లు తెలియని డిస్క్‌లో వెతికేది ఈ చోటే. సత్రం ఎంత పెద్దదైనా అందులో మన మనిషి దిగకపోతే లాభం లేదు. అందుకే బయటి డిస్క్‌లో సొంత ఈఎస్‌పీ చేసి, గ్రబ్-ఇన్‌స్టాల్ ఆదేశానికి, గ్రబ్‌ను ఆ సత్రంలోనే దింపే రిమూవబుల్ ఆప్షన్ తప్పకుండా ఇవ్వాలి. కాలేజీ ల్యాబుల్లో స్టెప్పులు బట్టీ పట్టించే బదులు ఈ వరుసను బోర్డు మీద గీసి చూపిస్తే ఎంత బాగుంటుందో!

ఆ తర్వాత కెర్నల్‌కు సిస్టమ్ ఫైళ్లుండే రూట్ పార్టిషన్ దొరకాలి. డిస్క్‌లకు లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు మెషిన్‌ను బట్టి మారిపోతాయి కాబట్టి యూయూఐడీ అనే 128 బిట్ల గుర్తింపు సంఖ్యతో వెతుకుతుంది. యూఎస్‌బీ డ్రైవర్లు, కెర్నల్‌తో పాటే లోడయ్యే చిన్న తాత్కాలిక ఫైళ్ల మూట ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ముందే ఉండాలి. ఉబుంటు దాదాపు అన్నీ పెడుతుంది, ఫెడోరా అనే మరో లినక్స్ మామూలుగా ఆ మెషిన్‌కు కావాల్సినవే పెడుతుంది. చివరగా, ఏ పార్టిషన్‌ను ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలు చూడండి. అందులో ఈఎస్‌పీ లైను ఇంకా పాత ల్యాప్‌టాప్ పార్టిషన్‌నే చూపిస్తుంటే, కొత్త మెషిన్‌లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో మిగతావన్నీ మొదలుపెట్టే ప్రోగ్రాము) దానికోసం 90 సెకన్లు ఎదురుచూసి రిపేరు కోసం కమాండ్లు మాత్రమే తీసుకునే ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. ఆ లైనులో బయటి డిస్క్ ఈఎస్‌పీ యూయూఐడీ రాస్తే చాలు.