కొడవలి ఎంచుకున్న గింజ

పండిన వరి వెన్నును పిడికిట పట్టి కాస్త గట్టిగా దూస్తే తప్ప గింజలు ఊడిరావు. సాగు వరికి మూలమైన అడవి వరిలో మాత్రం గింజ ముదరగానే దానంతట అదే బురదలో రాలిపోతుంది. గింజ కాడకు అతికిన చోట పల్చని కణాల పొర ఏర్పడి, సమయానికి తెగిపోవడమే దీనికి కారణం. అడవి మొక్కకు అది సంతానాన్ని నేలకు చేర్చే ఉపాయం. కోతకు వచ్చిన మనిషికి నష్టం. ఎస్‌హెచ్4 అనే జన్యువులో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారడం వల్ల సాగు వరిలో ఆ పొర సరిగా ఏర్పడడం లేదని 2006లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. కళ్ళంలో నూర్పిడి అవసరం కావడానికి ఈ చిన్న మార్పే ప్రధాన కారణం.

ఈ మార్పును ఏ రైతూ కోరి తెచ్చుకోలేదు. కోసి పనలు కట్టి ఇంటికి మోసుకొచ్చే దాకా వెన్నును వదలని గింజలే ఎక్కువగా గాదెకు చేరాయి, వాటిలోంచే మరుసటి ఏటి విత్తనం వచ్చింది. అది ఎంత నెమ్మదిగా జరిగిందో చైనాలో యాంగ్జీ నది దిగువన ఉన్న తియాన్‌లువోషాన్ తవ్వకాలు చెబుతాయి. సుమారు 6900 ఏళ్ళ క్రితం అక్కడి వరిలో రాలని రకం వాటా 27 శాతం. 300 ఏళ్ళు గడిచాక 39 శాతం. అప్పటికి ఆ ఊరి జనం అడవి కాయలూ ఏరుకుని తింటున్నారు కనుక, వరి మీద వారి ఒత్తిడి అంతంత మాత్రమే.

కలుపు తీసే చేయి కూడా కొడవలిలాగే ఎంపిక చేస్తుంది. వరితో పాటు పెరిగే ఊద అనే కలుపు గడ్డిలో, కాండం మొదలు ఎర్రబారి నేల మీద పరుచుకునే మొక్కలు సులువుగా కంటబడి పీకివేతకు గురవుతాయి. పచ్చగా, నిటారుగా, వరిని తలపించేవి బతికి విత్తనం కడతాయి. యాంగ్జీ ప్రాంతపు ఊద సుమారు వెయ్యేళ్ళ క్రితం ఇలా వరి వేషం కట్టిందని 2019 నాటి జన్యు పరిశోధన అంచనా వేసింది. లేత దశలో వీటిని పోల్చుకోవాలంటే ఆకు కాండాన్ని కలిసే చోట చూడాలి: వరికి అక్కడ చిన్న తెల్లని పొర ఉంటుంది, ఊదకు ఉండదు. అంత సన్నని ఆనవాలును ఏ పూర్వీకుడూ వంగి పరిశీలించి ఉండడు కాబట్టి, ఊద దాన్ని అనుకరించాల్సిన అవసరమే రాలేదు.

మనిషి దేహమూ మారకుండా లేదు. పిండి పదార్థాన్ని నోట్లోనే విడగొట్టే లాలాజల ఎంజైముకు సంబంధించిన జన్యువు ఒక్కొక్కరిలో ఒక్కో సంఖ్యలో ప్రతులుగా ఉంటుంది. పిండి పదార్థం ఎక్కువగా తినే సమాజాల్లో సగటున ఈ ప్రతులు ఎక్కువని 2007లో వెల్లడైంది. ప్రతులు పెరగడం సేద్యానికి ఎంతో ముందే మొదలైంది కనుక, అన్నమే ఈ జన్యువును సృష్టించిందనడం అతిశయోక్తి. ఐరోపా రైతుల్లో మాత్రం గత 4000 ఏళ్ళలో అవి మరింత పెరిగాయి.

ఇప్పుడు కూలీల కొరత వల్ల ఆసియాలో చాలాచోట్ల నాట్లు మాని విత్తనాన్ని నేరుగా వెదజల్లుతున్నారు. వరుసల్లో నాటిన చేలో వరుస తప్పి మొలిచినది ఇట్టే దొరికిపోయేది. వెదజల్లిన చేలో ఆ వీలు తగ్గింది. దానితో చేలో కలుపుగా మొలిచే వరి, అంటే కలుపు వరి, వ్యాపిస్తోంది. అది అచ్చంగా వరే కావడం వల్ల మామూలు కలుపు మందులు దాన్ని సాగు వరి నుంచి వేరుచేయలేవు. పైగా దీనిలో చాలా రకాలు సాగు వరి సంతతే. ఎస్‌హెచ్4లోని పాత మార్పు వాటిలో అలాగే ఉన్నా, ఇతర జన్యువుల దారిన గింజలు మళ్ళీ కోతకు ముందే రాలుతున్నాయి.