కర్స్ (శాపం) తీయిస్తానన్నవాళ్ళకి డబ్బు కట్టేముందు ఇది చదవండి: విచ్‌క్రాఫ్ట్ అపోహలు - వాస్తవాలు

నేనొక విచ్‌ని. విక్కా అనే మా విచ్‌క్రాఫ్ట్ మతం అంటే ఏంటి, పేగన్లు (ప్రకృతినీ, క్రైస్తవానికి ముందున్న దేవుళ్ళనీ నమ్మేవాళ్ళు) ఎవర్ని కొలుస్తారు, సొంతంగా ఆల్టర్ (పూజాపీఠం) ఎలా పెట్టుకోవాలి లాంటివి నన్ను అడిగేవాళ్ళు తక్కువే. ఇన్‌బాక్స్‌లో ఎక్కువగా వచ్చేది ఒకటే, "నా మీద ఎవరో కర్స్ వేశారంట, మీరొకసారి కార్డులు తీసి చూస్తారా?" ఎవరు చెప్పారండీ అనడిగితే జవాబు కూడా ఒకటే, ముక్కూ మొహం తెలియని ఏదో టారో (బొమ్మల కార్డులతో జోస్యం చెప్పే) అకౌంట్ తనంతట తనే మెసేజ్ పెట్టి చెప్పింది. అప్పటికే కొంతమంది డబ్బు కట్టేసి ఉంటారు, మిగతావాళ్ళు కట్టాలా వద్దా అని నిద్ర మానుకుని ఏ అర్ధరాత్రో నాకు రాస్తుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసీ చేసీ వేళ్ళు పడిపోతున్నాయి కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: "నీకు కర్స్ ఉంది, అది శక్తి ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది, తీయడం కూడా వాళ్ళవల్లే అవుతుంది"

ముందే తేల్చి చెప్పేస్తా. అడక్కుండా వచ్చి నీకు కర్స్ ఉందని చెప్పి, తీయడానికి డబ్బు అడిగేవాడు మోసగాడు. ఏమో, నూటికి ఒక్కరైనా నిజమైనవాళ్ళు ఉంటారేమో అని ఆలోచించకండి, ఆ "ఏమో" మీదే వాళ్ళ వ్యాపారమంతా నడుస్తుంది.

ఎలా నడుస్తుందో కూడా చెప్తా. మొదటి మెసేజ్ ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది, "మీ పూర్వీకులు నన్ను మీ దగ్గరికి పంపించారు, మీకు చెప్పాల్సింది ఒకటుంది, చెప్పమంటారా?" అని. అకౌంట్ తెరిస్తే పేరున్న రీడర్ ఫోటో, ఆ రీడర్ వీడియోలే ఉంటాయి, పేరులో ఒక అక్షరమో ఒక అండర్‌స్కోరో తేడా అంతే. సరే అన్నారంటే పుట్టినరోజు, ఫోటో అడుగుతారు. తర్వాత మీ గురించి మీకే చెప్తారు, పైకి నవ్వుతూ ఉంటారు గానీ లోపల చాలా బాధ మోస్తున్నారు, బాగా నమ్మినవాళ్ళే దెబ్బ కొట్టారు, పడ్డ కష్టానికి తగ్గ ఫలితం రావట్లేదు, ఇలా. అబ్బ, ఇంత కరెక్ట్‌గా ఎలా చెప్పారు అనిపిస్తుంది. ఎవరికి చెప్పినా అలాగే అనిపిస్తుంది. బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ 1948లో తన క్లాసులో 39 మంది స్టూడెంట్లకి ఒక టెస్ట్ పెట్టి, ఇదిగో నీ పర్సనాలిటీ రిపోర్ట్ అని తలా ఒక కాగితం ఇచ్చి, ఎంత సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే రిపోర్ట్, అందులో చాలా వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినవి. టారో నేర్చుకుంటాం అని వచ్చేవాళ్ళకి కార్డుల కంటే ముందు నేను ఈ సంగతే చెప్తా.

నమ్మకం కుదిరాక "మీ చుట్టూ నల్లటి ఎనర్జీ ఉంది" మొదలవుతుంది. ముందు చిన్న మొత్తమే, క్యాండిల్స్ కొనాలి అని. రెండ్రోజులాగి, అనుకున్నదానికంటే బలంగా ఉంది, తరతరాలుగా వస్తోంది అని పెద్ద మొత్తం. ఇక నావల్ల కాదు ఆపేద్దాం అంటే "మధ్యలో ఆపితే అది ఇంట్లోవాళ్ళ మీదికి వెళ్తుంది, తర్వాత మీ ఇష్టం". మనుషుల్ని అప్పులపాలు చేసేది ఈ మాటే. తమ ఒక్కరి గురించే అయితే ఎప్పుడో వదిలేసేవాళ్ళు, పిల్లల పేరెత్తేసరికి ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేస్తారు, వాళ్ళని తెలివితక్కువవాళ్ళు అనడానికి నాకు నోరు రాదు.

సాక్ష్యం కింద ఫోటోలు పంపిస్తారు. ఒకావిడ నాకు అలాంటిదే ఫార్వర్డ్ చేసింది, పొడుగాటి గాజు జార్‌లో క్యాండిల్, పై సగం మసిపట్టి కారు నలుపు, ఒకవైపు నిలువునా పగులు. "చూశావా, నీ కర్స్ దెబ్బకి గాజే ఆగలేదు" అని కింద రాశాడు. నేను చాలాకాలంగా క్యాండిల్ వర్క్ (క్యాండిల్స్ వెలిగించి చేసే మంత్రప్రయోగం) చేస్తున్నా, అలాంటి జార్ కావాలంటే సాయంత్రానికల్లా తయారుచేసి ఇస్తా. వత్తి కత్తిరించకుండా పొడుగ్గా వదిలేసి గాలి తగిలేచోట పెడితే చాలు. వత్తి పొడుగైతే మంట పెద్దదై మైనం పూర్తిగా కాలదు, ఆ కాలని కార్బనే మసి, మంట గాలికి ఏ పక్కకి వంగితే మసి ఆ పక్కనే పడుతుంది. ఇక పగులు అంటారా, మైనం అడుగంటేదాకా వెలగనిస్తే మంట వేడి నేరుగా గాజుకే తగుల్తుంది, గాజు ఒకచోట కాలిపోతూ పక్కనే చల్లగా ఉంటే పగలక ఏం చేస్తుంది. ఆవిడకి మాటల్లో చెప్తే నమ్మకం కుదరలేదు, సరే అని వీడియో కాల్ పెట్టించి రెండు క్యాండిల్స్ వెలిగించా, ఒకదాని వత్తి ఆరు మిల్లీమీటర్లకి కత్తిరించి, ఇంకోదానిది రెండు వేళ్ళంత వదిలి ఫ్యాన్ గాలికి పెట్టా. మాట్లాడుతుండగానే రెండో జార్ అంచు నల్లబడటం మొదలైంది. దీనికెవరు వేశారండీ కర్స్ అన్నా. నవ్వింది, వెంటనే ఏడ్చేసింది, పాపం అప్పటికే ఇచ్చిన డబ్బు తక్కువేం కాదు.

"అయితే హెక్స్‌లు (హాని చేసే మంత్రాలు) అసలు లేవంటారా, మీరే విచ్‌నని చెప్పుకుంటారుగా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. హెక్స్ వేసే విచ్‌లు ఉన్నారు, లేరని అబద్ధం ఆడను. విక్కాలో రీడ్ అనే నియమం ఉంది, ఎవరికీ హాని కలగనంతవరకు నీకు నచ్చింది చేసుకో అని దాని భావం, డోరీన్ వాలియంటే అనే ఇంగ్లీష్ విచ్ 1964లో ఒక ప్రసంగంలో చెప్పాక బాగా పాకింది. చేసింది మూడింతలై తిరిగొస్తుందనే నమ్మకం కూడా ఉంది. కానీ విచ్‌లంతా విక్కన్లు కారు, రీడ్‌ని పట్టించుకోనివాళ్ళు చాలామందే ఉన్నారు. స్పెల్ పనిచేస్తుందని నేను నమ్ముతా, అది నా నమ్మకం, దాన్ని ఋజువని చెప్పి ఎవరికీ అమ్మను. నేను కళ్ళారా చూసింది మాత్రం ఇంకొకటుంది. కర్స్ ఉందని ఒకసారి చెవిలో పడ్డాక ఫోన్ కిందపడినా, బస్ మిస్సయినా, తలనొప్పి వచ్చినా అన్నీ ఆ ఖాతాలోకే వెళ్ళిపోతాయి, భయానికి నిద్ర పట్టదు, నిద్రలేక ఒళ్ళు పాడవుతుంది, నెల తిరిగేసరికి ఏ హెక్సూ లేకుండానే మనిషి సగమైపోతాడు.

నిద్ర అంటే గుర్తొచ్చింది, మెలకువ వచ్చినా కదల్లేకపోతున్నా, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది, ఇది హెక్సేనా అని చాలామంది అడుగుతారు. దాన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు. కలలొచ్చే దశలో మన కాళ్ళూ చేతులూ కల ప్రకారం ఆడిపోకుండా ఒళ్ళు తనంతట తనే కదలిక ఆపేస్తుంది, మెదడు కాస్త ముందు లేచి ఒళ్ళు ఇంకా ఆ స్థితిలోనే ఉండిపోతే ఇలా అవుతుంది. మామూలుగా కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తుంది, నిద్ర తక్కువైనా వెల్లకిలా పడుకున్నా ఎక్కువగా వస్తుంది. నాకూ చదువుకునే రోజుల నుంచీ ఉంది, మొదటిసారి వచ్చినప్పుడు లైట్ వేసుకుని తెల్లారేదాకా కూర్చున్నా. మాటిమాటికీ వస్తుంటే డాక్టర్‌కి చూపించుకోండి. ఆ పని క్యాండిల్స్‌తో అయ్యేది కాదు.

ఈ మోసం ఇవాళ్టిది కూడా కాదు. బ్రిటన్‌లో 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ యాక్ట్ అంటే విచ్‌లని చంపే చట్టం అనుకుంటారు, అది సరిగ్గా దానికి రివర్స్, మంత్రశక్తులు ఉన్నాయని నటించడమే దాని కింద నేరం. హెలెన్ డంకన్ అనే మీడియంని (చనిపోయినవాళ్ళతో మాట్లాడతానని చెప్పుకునే ఆవిడని) 1944లో ఆ చట్టం కిందే జైల్లో పెట్టారు. 1951లో దాన్ని తీసేసి ఫ్రాడ్యులెంట్ మీడియమ్స్ యాక్ట్ తెచ్చారు, విక్కాని మొదలుపెట్టిన జెరాల్డ్ గార్డనర్ తను విచ్‌నని బయటికొచ్చి 1954లో పుస్తకం వేయగలిగాడంటే పాత చట్టం పోవడం వల్లే. 2008లో అదీ పోయి మామూలు వినియోగదారుల రక్షణ రూల్స్ కిందికి వచ్చింది. ఈబే అయితే 2012లోనే స్పెల్స్, కర్సులు అమ్మడం బ్యాన్ చేసింది. అంటే మీరు కంప్లయింట్ ఇవ్వడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇలాంటి కేసులు పోలీసులకి మామూలే.

ఇప్పటికే కట్టేసి ఉంటే ఇలా చెయ్యండి. ఇంకొక్క పైసా పంపొద్దు. ఎందుకు ఆపుతున్నారో వాళ్ళకి వివరించొద్దు, వాదించే కొద్దీ బెదిరింపులు పెరుగుతాయి. బ్లాక్ చేసేముందు చాటింగ్, అకౌంట్ పేరు, పేమెంట్ వివరాలు అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, అదే రోజు బ్యాంక్‌కి ఫోన్ చెయ్యండి, కార్డుతో కట్టి ఉంటే డబ్బు వెనక్కి వచ్చే దారి ఉందేమో వాళ్ళే చెప్తారు, ఆలస్యం చేస్తే అదీ ఉండదు. సైబర్ క్రైమ్ వాళ్ళకి కంప్లయింట్ పెట్టండి. ఆ తర్వాత "మీ డబ్బు మేం వెనక్కి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఇంకోడు వస్తాడు, చాలాసార్లు వాడూ వీడూ ఒకే బ్యాచ్. వాళ్ళ దగ్గర మీ ఫోటో ఉన్నా, జుట్టు ఉన్నా, పుట్టిన టైమ్ ఉన్నా వాటితో వాళ్ళేం చెయ్యలేరు. ఐడీ కార్డో, ఇతరులకి చూపించలేని ఫోటోలో ఇచ్చి ఉంటే మాత్రం అది పోలీసులకి చెప్పాల్సిన విషయం, దాచుకోవద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తా, ఇవి ఎవరి జేబుకీ అంత చిల్లు పెట్టవు.

విచ్‌లు సైతాన్ని పూజిస్తారా? లేదు. సైతాన్ క్రైస్తవుల లెక్కలో ఉన్నవాడు, విక్కాలో ఉండేది దేవత, కొమ్ముల దేవుడు. ఆంటన్ లావే 1966లో పెట్టిన చర్చ్ ఆఫ్ సేటన్ పూర్తిగా వేరే కథ. పెంటకిల్ (వృత్తంలో ఐదు కోణాల నక్షత్రం) దెయ్యాల గుర్తు అనేవాళ్ళకి ఒక మాట, అమెరికాలో చనిపోయిన సైనికుల సమాధుల మీద పెట్టుకోదగ్గ మత చిహ్నాల్లో 2007 నుంచి అదీ ఒకటి.

విక్కా వేల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా వస్తున్న మతమా? ఈ పుకారుని మోసింది మనవాళ్ళే, అందుకే నాకు ఇంకా చిరాకు. 1921లో మార్గరెట్ మర్రే అనే ఈజిప్టు చరిత్ర పరిశోధకురాలు రాసిన సిద్ధాంతం అది, చరిత్రకారులు ఎప్పుడో కొట్టిపారేశారు. ఇప్పుడు మనం చేసే విక్కా 20వ శతాబ్దం మధ్యలో గార్డనర్, ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు పాత ముక్కలు ఏరి కట్టింది, శరద్ విషువత్తు (సెప్టెంబర్‌లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) పండగకి మేబన్ అనే పేరైతే 1970లలో పెట్టుకున్నదే. కొత్తదైతే ఏం, నాకు సావిన్ (Samhain, అక్టోబర్ 31) రాత్రి పోయినవాళ్ళని తలుచుకుంటే మనసు తేలికపడుతుంది, దానికి పాత సర్టిఫికెట్ అక్కర్లేదు.

యూరప్‌లో 90 లక్షల మంది విచ్‌లని కాల్చేశారా? అది 18వ శతాబ్దంలో ఒకాయన వేసిన కాకిలెక్క. ఇప్పటి చరిత్రకారుల అంచనా 40,000 నుంచి 60,000, అది తక్కువేం కాదు, పెంచి చెప్పాల్సిన పనేముంది. అమెరికాలోని సేలంలో 1692లో ఎవర్నీ కాల్చలేదు, 19 మందిని ఉరితీశారు, ఒకాయన్ని రాళ్ళ కింద నొక్కి చంపారు. పైగా వీళ్ళెవరూ మన అర్థంలో పేగన్లు కారు, చాలావరకు పక్కింటివాళ్ళ నిందలకి బలైన మామూలు క్రైస్తవులు.

టారోలో డెత్ కార్డ్ వస్తే చావు రాసిపెట్టినట్టా? 15వ శతాబ్దపు ఇటలీలో పేకాట కోసం పుట్టిన కార్డులండీ ఇవి. డెత్ అంటే ఒక దశ ముగిసింది అని చదువుతాం. ఆ కార్డ్ కెమెరాకి చూపించి కళ్ళు పెద్దవి చేసేవాడు కనిపిస్తే పైన రాసిందంతా ఇంకోసారి చదవండి.

పేగన్లంతా ఒకటేనా? హీథెన్లు (ఉత్తర యూరప్ పాత దేవుళ్ళని కొలిచేవాళ్ళు), డ్రూయిడ్లు (పాత కెల్టిక్ పద్ధతుల వాళ్ళు), విక్కన్లు, ఏ గుంపులోనూ లేకుండా నాలా ఒంటరిగా చేసుకునేవాళ్ళు, అందరూ వేరువేరు. ఐస్‌లాండ్ ప్రభుత్వం హీథెన్ల మార్గమైన ఆసాత్రూని 1973లోనే మతంగా గుర్తించింది. ఇంగ్లాండ్, వేల్స్ 2021 జనాభా లెక్కల్లో పేగన్ అని రాసుకున్నవాళ్ళు 74,000 మంది, విక్కా అని రాసుకున్నవాళ్ళు 13,000 మంది.

మూలికలు నేచురలే కదా, ఏమీ కాదనుకోవడం? ఇది మాత్రం ప్రమాదం. పాత స్పెల్ పుస్తకంలో ఉందని పెన్నీరాయల్ (పుదీనా జాతి మొక్క) నూనె లోపలికి తీసుకుంటే లివర్ పోతుంది, మనుషులు చనిపోయారు కూడా. ఇంట్లో పిల్లి ఉంటే టీ ట్రీ ఆయిల్ దాని దగ్గరికి రానివ్వకండి.

చివరగా కోవెన్‌లో (విచ్‌ల చిన్న గుంపులో) చేరాలనుకునేవాళ్ళకి. ఇనిషియేషన్‌కి (దీక్షకి) ఫీజు అడిగారంటే అనుమానించండి, గార్డనర్ నుంచి వచ్చిన గార్డనేరియన్ సంప్రదాయంలో దానికి డబ్బు తీసుకోవడం తప్పు. క్లాసులకో హాల్ అద్దెకో అందరూ తలా కొంత వేసుకుంటే అది వేరు. కొన్ని కోవెన్లలో బట్టలు లేకుండా రిచువల్ చేసే పద్ధతి ఉన్నమాట నిజమే, అది ముందే చెప్పి, వద్దంటే మారుమాట్లాడకుండా ఒప్పుకోవాలి. గురువుతో పడుకుంటేనే శక్తి వస్తుందని ఎవడైనా అంటే లేచి వచ్చెయ్యండి, మర్నాడు మిగతా సభ్యులకి కూడా చెప్పండి, అలాంటివాళ్ళకి మీరు మొదటివాళ్ళు అయ్యుండరు. చాలాచోట్ల చేర్చుకునే ముందు ఏడాది మీద ఒక రోజు ఆగమంటారు, ఆ టైములో వాళ్ళు మిమ్మల్ని చూస్తారు, మీరూ వాళ్ళని చూడొచ్చు, రేపు పౌర్ణమికే చేర్చేస్తాం ఇవాళే కట్టెయ్ అనేవాళ్ళకి మీ ఫోన్ నంబర్ కూడా ఇవ్వకండి.