కామెడీ ఆఫ్ మానర్స్: అపోహలు - వాస్తవాలు

విద్యార్థులతో పాత ఇంగ్లిష్ నాటకాలు ఆడిస్తుంటాను. లండన్ పెద్దింటివారి కపటాన్ని ఎండగట్టే ‘కామెడీ ఆఫ్ మానర్స్’ అనే హాస్యనాటకాలు నాకు ప్రాణం. వీటి మీద పాతుకుపోయిన అభిప్రాయాలను వదిలించందే రిహార్సల్స్ సాగవు.

అపోహ: కథేమీ ఉండదు, అంతా మాటల చమత్కారమే.

వాస్తవం: ఆ మాటల అడుగున ఎప్పుడూ ఆస్తి ఉంటుంది. విలియం కాంగ్రీవ్ నాటకం ‘ది వే ఆఫ్ ది వరల్డ్’ (1700) చూడండి. సంరక్షకురాలు ఒప్పుకోని పెళ్లి చేసుకుంటే కథానాయిక మిలమాంట్‌ ఆస్తిలో సగం, అంటే ఆరు వేల పౌండ్లు, చేజారిపోతుంది. ఆ రోజుల్లో పెళ్లయ్యాక భార్య సొమ్ము మీద పెత్తనం భర్తది. విడాకులు దాదాపు అసాధ్యం. అందుకే తనను ప్రేమిస్తున్న మిరబెల్‌కు ముందే షరతులు పెడుతుంది: నా ఉత్తరాల గురించి ఆరా తీయకూడదు, నాకు ఇష్టమైనప్పుడే భోజనానికి వస్తాను, నేనున్న చోటికి తలుపు తట్టి రావాలి. ప్రేక్షకులు నవ్వుతారు, నవ్వాలి కూడా. నటి మాత్రం ఆ తలుపు షరతును ఇక జీవితంలో మరో అవకాశం రాదన్నట్టు అడగాలి. ముద్దుముద్దుగా పలికిందంటే దృశ్యం చప్పబడిపోతుంది.

అపోహ: ఇవి బరితెగించిన నాటకాలు.

వాస్తవం: ఈ నింద కొత్తది కాదు. జెరెమీ కోలియర్ అనే మతాచార్యుడు 1698లోనే ఒక పుస్తకం రాసి వీటిని దుమ్మెత్తిపోశాడు. శృంగారం దండిగా ఉన్న మాట నిజమే. అయితే విలియం విచెర్లీ ‘ది కంట్రీ వైఫ్’ (1675)లో వెక్కిరింత ఎవరి మీద? పరువు పోకుండా ఉంటే చాలు, లోపల ఏం జరిగినా ఫరవాలేదనుకునే పెద్దమనుషుల మీద. ఇంతకంటే నీతి తెలిసిన రచన అరుదని నా నమ్మకం.

అపోహ: మాటల వల్లే నవ్వు పుడుతుంది.

వాస్తవం: షెరిడన్ ‘ది స్కూల్ ఫర్ స్కాండల్’ (1777)లో నవ్వంతా గదిలో నిలబెట్టిన ఒక అడ్డుతెర చుట్టూ తిరుగుతుంది. పైకి మంచివాడిగా నటించే జోసెఫ్ గదిలో ఉన్న లేడీ టీజిల్, భర్త రావడంతో తెర వెనక దాక్కుంటుంది. ఆ సంగతి తెలియని ముసలి భర్త, ఆమె పేర ఏటా 800 పౌండ్లు, తన తదనంతరం ఆస్తిలో అధికభాగం రాస్తున్నానని జోసెఫ్‌తో చెబుతాడు. తెర వెనక నటి ఎవరికీ కనిపించదు. అయినా ఆ మాటలను ప్రతి రిహార్సల్‌లోనూ శ్రద్ధగా వినాల్సిందే. ఆ అడ్డుతెర కింద పడిపోయాక ఆమె ముఖంలో పట్టుబడిన భయం ఒక్కటే కనిపిస్తే చాలదు, ఆ 800 పౌండ్ల మాట విన్న సిగ్గు కూడా కనిపించాలి. ఆ తర్వాత జోసెఫ్ అల్లిన అబద్ధానికి వంతపాడకుండా ఆమె నిజం చెప్పేస్తుంది. మాటకారితనం లేని ఆ నాలుగు వాక్యాలే నాటకాన్ని నిలబెడతాయి.

అపోహ: రచయితలంతా మగవారే.

వాస్తవం: కాదు. ఆఫ్రా బెన్ అనే రచయిత్రి నాటకం ‘ది రోవర్’ 1677లోనే రంగస్థలం ఎక్కింది. ఇంగ్లండ్ నాటకశాలల్లో స్త్రీపాత్రలను స్త్రీలే ధరించడం 1660లోనే మొదలైంది. సమవుజ్జీలైన ప్రేమికుల వాగ్వాదాలు ఇన్ని పుట్టడానికి ఆ నటీమణులే పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను.