స్కోరును ప్రోగ్రామ్‌తో రాయించండి

పిల్లలూ,

కంప్యూటర్ చేత సంగీతం పలికించే సీసౌండ్ (Csound)లో స్కోరు, అంటే స్వరాల జాబితా, టైపు చేసీ చేసీ విసుగొచ్చిందని రాశారు. రాదూ మరి! అన్నేసి లైన్లు చేత్తో కొట్టడం ఎందుకు? ఆ చాకిరీ ప్రోగ్రామ్‌కి అప్పజెప్పండి.

కంప్యూటర్ చేత సంగీతం పలికించే ప్రోగ్రామ్‌ను 1957లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో మాక్స్ మాథ్యూస్ రాశారు. ఆ వంశంలోదే, 1980లలో అక్కడి ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో బారీ వెర్కో తయారుచేసిన సీసౌండ్. అందులో శబ్దం ఎలా పుట్టాలో ఆర్కెస్ట్రా అనే భాగంలో రాస్తాం, ఎప్పుడు మోగాలో స్కోరులో రాస్తాం. నాకు అన్నిటికన్నా నచ్చేది ఏమిటంటే, ఆ స్కోరు ఉత్త టెక్స్ట్. అంటే లైన్లు ప్రింట్ చేయగల ఏ భాషతోనైనా దాన్ని రాయించవచ్చు. మీకు పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వచ్చుగా, అది చాలు.

ఒక లైను చూడండి (ఫైల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి):

ఐ1 0 0.5 440 0.3

ఒకటో నంబరు వాయిద్యం సున్నా దగ్గర మొదలై అర సెకను మోగుతుంది. ఈ మూడింటి స్థానాలూ మార్చడానికి లేదు. ఆ తర్వాతివి మీ ఇష్టం. ఇక్కడ 440 ఫ్రీక్వెన్సీ, 0.3 శబ్దతీవ్రత అనుకున్నాం.

ఇప్పుడు కింద పడి ఎగిరే బంతిలా స్వరాలు రానురాను దగ్గరపడాలనుకోండి. మొదటి రెండు స్వరాల మధ్య ఎడం 1 సెకను, ఆపైన ప్రతి ఎడమూ ముందుదానికి 0.9 రెట్లు. స్వరాలు 0, 1, 1.9, 2.71, 3.439 సెకన్ల దగ్గర మొదలవుతాయి. చేత్తో లెక్కకడితే పదో లైనుకే తల తిరుగుతుంది. పైథాన్‌లో అయితే చిన్న లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం. పైగా ఈ లెక్కలో ఒక అందం ఉంది: ఎన్ని స్వరాలు వేసినా ఏదీ 10 సెకన్లు దాటి మొదలవదు. 0.9 తీసి 0.8 పెట్టండి, ఆ హద్దు 5 సెకన్లకు దిగుతుంది. ఒక్క అంకె మారిస్తే పాట నడకే మారిపోయింది, చూశారా!

ఇక్కడే ఒక చిక్కు. స్వరం నిడివి అర సెకనే ఉంచి ఎడాలు తగ్గిస్తూ పోతే, ఎనిమిదో స్వరం ఆగకముందే తొమ్మిదోది మొదలవుతుంది. ఎడం 0.05 సెకన్లకు వచ్చేసరికి ఏడెనిమిది స్వరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. గరిష్ఠ స్థాయి 1 అని పెట్టుకున్నప్పుడు, 0.3 చొప్పున ఏడెనిమిది కలిస్తే హద్దు దాటి శబ్దం చిట్లిపోవచ్చు. అప్పుడు శాంపిళ్లు (శబ్దాన్ని నమోదుచేసే అంకెలు) హద్దు మీరాయని సీసౌండ్ చివర్లో చెబుతుంది. ఆ మాట పట్టించుకోకుండా వదిలేయకండి. నిడివిని కూడా ఎడంతో పాటే తగ్గించండి, సరిపోతుంది.

ప్రోగ్రామ్ రాసిన లైన్లను ఫైల్లోకి పంపి సీసౌండ్‌కి ఇవ్వడం ఒక దారి. సీసౌండ్ ఫైల్లో స్కోరుకు ముందూ వెనకా ఉండే గుర్తు (ట్యాగ్)లో బిన్ (bin) అనే చోట పైథాన్ పేరు రాసి, స్క్రిప్టును, అంటే మీ పైథాన్ ప్రోగ్రామ్‌ను, ఆ ట్యాగ్ లోపలే పెట్టడం ఇంకో దారి. అప్పుడు సీసౌండే దాన్ని నడిపి, ఒక ఫైలు పేరు అందిస్తుంది. మీ స్క్రిప్టు లైన్లను అందులో రాయాలి. వరుస తప్పినా కంగారు లేదు, మోగించే ముందు సీసౌండే కాలం ప్రకారం సర్దుకుంటుంది.

మొదట్లో మాత్రం మొదటి దారే పట్టండి. తయారైన ఫైలు ఎదురుగా ఉంటుంది, వినేముందు ఓ పది లైన్లు చదువుకోవచ్చు. యాదృచ్ఛిక సంఖ్యలు వాడితే సీడ్ విలువ (ఆ సంఖ్యల వరసను మొదలుపెట్టే అంకె) రాసిపెట్టుకోండి, లేకపోతే నచ్చిన వరస మళ్లీ దొరకదు. బంతి స్కోరు మోగాక ఫైల్ నాకు పంపండి. దాని పక్కనే స్క్రిప్టూ పంపండి, రెండూ చూస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య