ఫ్లైట్ ఎనిమిదింటికి కదా, ఇంకా టైముంది: ఎయిర్‌పోర్టు అపోహలు - వాస్తవాలు

శంషాబాద్‌లో ఒక ఎయిర్‌లైన్‌కి గ్రౌండ్ స్టాఫ్‌గా పని చేస్తాను. ఒకరోజు చెకిన్ కౌంటర్, ఇంకోరోజు బోర్డింగ్ గేటు, డ్యూటీ ఎక్కడ పడితే అక్కడ. ఫ్లైట్ మిస్సయ్యారంటే ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారని అందరూ అనుకుంటారు. మేం చూసేవాళ్లలో చాలామంది మాత్రం టైముకే వచ్చినవాళ్లు. లోపలికొచ్చి, బోర్డింగ్ పాస్ తీసుకుని, సెక్యూరిటీ కూడా దాటి, గేటుకు నాలుగడుగుల దూరంలో కూర్చుని మరీ మిస్సవుతారు. అలాంటివాళ్లు గేటు దగ్గర ఏడుస్తుంటే చేయగలిగింది ఏమీ ఉండదు, ఆ బాధ ఇంటికెళ్లినా పోదు. అందుకే జనం నోట రోజూ వినే మాటలు కొన్ని తీసుకుని అసలు సంగతి రాస్తున్నాను.

అపోహ: "ఫ్లైట్ 8 గంటలకు, 7:45కి గేటు దగ్గరుంటే చాలు."

చాలదు. టికెట్ మీద 8:00 అని ఉంటే అది మీరు ఎక్కే టైము కాదు, తలుపులు మూసి, నిచ్చెనలు తీసేసి, విమానం నిలబడ్డ చోటు నుంచి కదలాల్సిన టైము. మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి దానికంటే ముందుండే రెండు టైములు. ఒకటి కౌంటర్ మూసే టైము, దేశంలో తిరిగే ఫ్లైట్లకు ఎక్కువగా గంట ముందు, అంటే 7:00. ఇంటర్నేషనల్‌కి గంట నుంచి గంటంపావు, ఎయిర్‌లైన్‌ని బట్టి ఇంకా ముందు కూడా ఉండొచ్చు. రెండోది గేటు మూసే టైము, చాలా ఎయిర్‌లైన్స్‌కి 25 నిమిషాల ముందు, అంటే 7:35. వెబ్ చెకిన్ చేసుకున్నాం కాబట్టి లేటుగా వెళ్లొచ్చని కొందరి ధీమా. చెకిన్ బ్యాగు ఉంటే వెబ్ చెకిన్ చేసినా చేయకపోయినా ఆ 7:00 గీత మీకూ వర్తిస్తుంది.

"విమానం అక్కడే కనిపిస్తోంది కదా, ఒక్కడిని ఎక్కించుకుంటే ఏం పోతుంది?" అని అద్దంలోంచి చూపించి అడుగుతారు. ఎందుకు కుదరదో చెబుతాను. గేటు మూశాక ఎంతమంది ఎక్కారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, కింద సామాను ఎంత బరువుంది అనే లెక్కతో లోడ్‌షీట్ తయారై కెప్టెన్‌కి వెళ్తుంది, ఆ అంకెల మీదే ఆయన టేకాఫ్ లెక్కలు వేసుకుంటాడు. చెకిన్ చేసి రాని ప్రయాణికుడి సామాను కింద ఉంటే, భద్రతా నియమం ప్రకారం ఆ బ్యాగు వెతికి దించేయాలి. వందల బ్యాగుల్లో ఒక బ్యాగు వెతికి దించడమంటే లోడర్లకు ఎంత పనో ఊహించుకోండి. దించాక మీరు పరిగెత్తుకుంటూ వచ్చినా మళ్లీ మొదటికి వెళ్లలేం. గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయికి మీ మీద కోపం ఉండదు, ఆమె చేతిలో ఏమీ ఉండదు, అంతే.

అపోహ: "15వ తేదీ తెల్లవారుజామున 2:30 ఫ్లైట్ అంటే 15వ తేదీ రాత్రి బయల్దేరాలి."

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది, పోయేది మాత్రం లక్షల టికెట్. మనకి పంచాంగం లెక్కన సూర్యోదయంతోనే రోజు మొదలు కాబట్టి, రాత్రి రెండున్నర అంటే ఇంకా అదే రోజు అనే భావన పెద్దవాళ్లలో చాలా గట్టిగా ఉంటుంది. టికెట్ మీద తేదీ అర్ధరాత్రి పన్నెండుకే మారిపోతుంది. 15వ తేదీ 02:30 ఫ్లైట్ అంటే 14వ తేదీ రాత్రి భోజనం చేసి పదిన్నరకల్లా ఇంటి నుంచి బయల్దేరాలి. శంషాబాద్ నుంచి గల్ఫ్ వైపు, యూరప్ వైపు వెళ్లే ఫ్లైట్లు చాలానే ఇలా అర్ధరాత్రి దాటాక ఉంటాయి. అమ్మానాన్నలకు టికెట్ పంపే పిల్లలు "14వ తేదీ రాత్రి ఎయిర్‌పోర్టుకి వెళ్లాలి" అని విడిగా ఒక మెసేజ్ పెట్టండి. టికెట్ పీడీఎఫ్ ఒక్కటి పంపి ఊరుకోకండి.

అపోహ: "పేరు పెట్టి మైక్‌లో పిలుస్తారుగా."

ఆ రోజులు పోతున్నాయి. ముంబై, చెన్నై లాంటి చోట్ల అనౌన్స్‌మెంట్లు బాగా తగ్గించేశారు, చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉంటే పిలిచినా వినపడదు. బోర్డింగ్ పాస్ మీద గేటు నంబర్ కూడా మారొచ్చు. పొద్దున కౌంటర్‌లో ఇచ్చిన నంబర్ చూసుకుని ఆ గేటు ముందే కూర్చుని, అక్కడ వేరే ఊరి ఫ్లైట్ బోర్డింగ్ జరుగుతుంటే మనదే అనుకుని నింపాదిగా ఉన్నవాళ్లు ఎంతమందో. సెక్యూరిటీ దాటగానే ఒకసారి, బోర్డింగ్ టైముకు పది నిమిషాల ముందు ఇంకోసారి డిస్‌ప్లే బోర్డు చూడండి. ఫ్లైట్ నంబర్‌తో చూడాలి, ఊరి పేరుతో కాదు. ఒకే గంటలో ఢిల్లీకి రెండు మూడు వెళ్తుంటాయి.

అపోహ: "ఇంటర్నేషనల్ వేరే బిల్డింగ్‌లో."

ఇప్పుడు కాదు. శంషాబాద్‌లో 2018 నుంచి 2022 దాకా విస్తరణ పనులు జరుగుతున్నప్పుడు ఇంటర్నేషనల్ డిపార్చర్స్‌కి తాత్కాలిక టర్మినల్ పక్కన ఉండేది, అప్పుడు ప్రయాణం చేసినవాళ్లు ఇంకా అదే గుర్తుపెట్టుకుని డ్రైవర్‌తో వాదిస్తారు. ఇప్పుడు రెండూ ఒకే కప్పు కింద. డిపార్చర్స్‌కి ర్యాంప్ ఎక్కాలి, అరైవల్స్ కింద.

కానీ ఈ ఒక్క బిల్డింగ్ అలవాటే మన హైదరాబాద్ వాళ్లని బయటి ఊళ్లలో దెబ్బతీస్తుంది. ఢిల్లీలో టర్మినల్ 1 వేరు, టర్మినల్ 3 వేరు, మధ్యలో రోడ్డెక్కాల్సిందే. ముంబైలో టర్మినల్ 1 శాంతాక్రూజ్ వైపు, టర్మినల్ 2 సహార్ వైపు. బెంగళూరులో కూడా ఇప్పుడు రెండు. తక్కువకు వస్తోందని ఢిల్లీ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి విదేశానికి ఇంకో టికెట్ విడివిడిగా కొని, మధ్యలో రెండు గంటలు పెట్టుకుంటే నాకు గుండె దడ పుడుతుంది. విడి టికెట్లంటే ఢిల్లీలో సామాను తీసుకోవాలి, టర్మినల్ మారాల్సి వస్తే మారాలి, మళ్లీ కౌంటర్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ. మొదటి ఫ్లైట్ లేటై రెండోది పోతే రెండో ఎయిర్‌లైన్‌కి ఏ బాధ్యతా లేదు. రెండూ ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబర్ మీద ఉంటే ముందుకు పంపే బాధ్యత వాళ్లది. కాస్త ఎక్కువైనా పెద్దవాళ్లకు మాత్రం ఒకే టికెట్ తీయండి, ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను.

అపోహ: "సామాను ఎలాగూ డైరెక్ట్‌గా వచ్చేస్తుంది."

వచ్చేది లేనిది కౌంటర్‌లోనే తెలిసిపోతుంది. బ్యాగుకు కట్టిన ట్యాగ్ ముక్క ఒకటి మీ చేతికిస్తాం, దాని మీద మూడక్షరాల కోడ్ ఉంటుంది. డల్లాస్ వెళ్తుంటే డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందా లేదా అక్కడే చూసుకోండి, మధ్యలో దిగే ఊరి కోడ్ ఉంటే అప్పుడే అడగండి. అయితే అమెరికాలో వేరే ఊరు మీదుగా వెళ్తుంటే, ట్యాగ్ చివరి ఊరికే ఉన్నా సాధారణంగా మొదట దిగిన చోట సామాను తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ బెల్టు మీద వేయాలి. విదేశం నుంచి ఢిల్లీ, ముంబై మీదుగా హైదరాబాద్ వచ్చేటప్పుడు కూడా మామూలుగా అంతే. ఇది తెలియక పెద్దవాళ్లు షికాగోలో బెల్టు దాటి వెళ్లిపోతే బ్యాగులు అక్కడే ఉండిపోతాయి.

అపోహ: "ఇంటి వంటలే కదా, సెక్యూరిటీలో ఏమీ అనరు."

క్యూ ఆగిపోయేది ఇక్కడే. ట్రే ఎక్స్‌రేలోంచి వస్తుంది, మీ బ్యాగు మాత్రం పక్క బెల్టు మీదికి మళ్లుతుంది. తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ (భద్రతా దళం) ఆవిడ జిప్ తీస్తుంది. పైన శాలువా, దాని కింద లడ్డూ ప్రసాదం, ఆ కింద పాత చీర ముక్కలో చుట్టి, మూతకు టేపు వేసి, పైన రెండు పాలిథిన్ కవర్లు తొడిగిన ఆవకాయ సీసా. కవర్‌కి ఒకవైపు నూనె మరక. అమ్మ ముఖం చిన్నబోతుంది. ఇంటర్నేషనల్ ప్రయాణంలో హ్యాండ్ బ్యాగులో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలు, పేస్టులు కుదరవు, నూనెలో ఊరిన పచ్చడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కారప్పొడి ఏ ఫ్లైట్‌లోనూ హ్యాండ్ బ్యాగులో వద్దు. ఇవి చెకిన్ బ్యాగులో పెట్టండి, దిగే దేశం నియమాలు కూడా ఒకసారి చూసుకోండి.

ఎండు కొబ్బరి సంగతి చాలామందికి తెలియదు. అందులో నూనె ఎక్కువ, దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది కాబట్టి విమాన రవాణాలో ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంది, యూఎన్ నంబర్ 1363. హ్యాండ్ బ్యాగులోనూ వద్దు, చెకిన్‌లోనూ వద్దు. పవర్ బ్యాంక్‌ది ఇంకో కథ: అది చెకిన్ బ్యాగులో అస్సలు పెట్టకూడదు, చేతిలోనే ఉండాలి. కింద సామాను గదిలో లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడానికి మనిషి ఉండడు, క్యాబిన్‌లో అయితే సిబ్బంది ఉంటారు. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్ అవర్ లోపు ఉంటే అనుమతి అక్కర్లేదు, మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వాట్ అవరే. బ్యాగు కౌంటర్‌లో ఇచ్చేశాక, మీరు గేటు దగ్గరికి చేరాక "మీ బ్యాగులో పవర్ బ్యాంక్ ఉంది, రండి" అని కబురొస్తే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

అపోహ: "డిజియాత్ర లేకపోతే లోపలికి రానివ్వరు."

రానిస్తారు. డిజియాత్ర అనేది ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే యాప్, వాడటం మీ ఇష్టం, తప్పనిసరి కాదు, అదీ దేశంలోపలి ప్రయాణాలకే. ఉంటే గుమ్మం దగ్గర, సెక్యూరిటీ ముందు కాగితాలు తీయకుండా ముఖం చూపించి వెళ్తారు, తనిఖీ మాత్రం అందరికీ ఒకటే. టికెట్‌లో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉండాలి. మన పేర్లతో వచ్చే చిక్కు ఇదే, ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాలు. టికెట్ బుక్ చేసేటప్పుడే కార్డు ముందు పెట్టుకోండి.

ఇంటర్నేషనల్‌కి పనికొచ్చేది వేరే ఉంది, ఎఫ్‌టీఐ-టీటీపీ అని ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్. 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లోనూ ఉంది. భారతీయులు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు) ఆన్‌లైన్‌లో ఉచితంగా అప్లై చేసుకోవచ్చు, వేలిముద్రలు ఇచ్చాక ఈ-గేట్ నుంచి వెళ్లిపోవచ్చు. తరచూ తిరిగేవాళ్లు ఎందుకు తీసుకోరో నాకు అర్థం కాదు.

అపోహ: "వీల్‌చైర్ పెట్టేశాం, ఇక అమ్మానాన్నల గురించి దిగులు లేదు."

అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు పిల్లలు వీల్‌చైర్ పెట్టడం మన దగ్గర చాలా మామూలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది హక్కు, అడగడానికి మొహమాటపడకండి, కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పండి. కానీ వీల్‌చైర్‌లో మూడు రకాలున్నాయని చాలామందికి తెలియదు. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే దూరం నడవలేరు కానీ మెట్లెక్కగలరు అని. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లెక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా తీసుకెళ్లాలి. అమ్మ మెట్లెక్కలేకపోతే, బుకింగ్‌లో మాత్రం మొదటి రకం పడి ఉంటే, విమానం దూరంగా నిలబడి బస్సులో తీసుకెళ్లే రోజున మెట్ల ముందు ఆవిడ నిస్సహాయంగా నిలబడిపోతుంది. రెండోది పెట్టి ఉంటే పైకెత్తే అంబులిఫ్ట్ బండి ముందే ఏర్పాటవుతుంది. ఫోన్ చేసి "మెట్లు ఎక్కలేరు" అని ఆ ముక్క స్పష్టంగా చెప్పండి.

బాగానే నడవగలరు, ఇంగ్లీషు రాదన్న భయం మాత్రమే ఉంటే మనిషి వెంట ఉండి దారి చూపించే మీట్ అండ్ అసిస్ట్ సాయం ఉందేమో మీ ఎయిర్‌లైన్‌ని అడగండి. వీల్‌చైర్‌లో వెళ్తే పని తొందరగా అవుతుందనుకుంటారు, నిజానికి దిగేటప్పుడు అందరూ దిగాక చివర్లో దిగాలి. దుబాయ్ లాంటి పెద్ద చోట ఒక హెల్పర్ తెచ్చి వెయిటింగ్ దగ్గర కూర్చోబెట్టి వెళ్తాడు, ఇంకొకరు వచ్చి తీసుకెళ్తారు. ఆ మధ్యలో గంట పట్టొచ్చు, మనల్ని మర్చిపోయారనుకుని లేచి వెళ్లిపోవద్దని పెద్దవాళ్లకు ముందే నచ్చజెప్పండి. దుబాయ్‌లో గేటు నంబర్‌లో మొదటి అక్షరమే కాంకోర్సు, అంటే ఆ గేట్లుండే భాగం, ఏ నుంచి బీకి వెళ్లాలంటే లోపల రైలెక్కాలి. ఇంకో మాట, ఎవరి పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ వాళ్ల దగ్గరే ఉండాలి. అన్నీ బాబాయిగారి ఫైల్లో ఉండి, ఆయన బాత్రూమ్‌కి వెళ్లి, పిన్నిగారిని వీల్‌చైర్‌లో వేరే లైన్లోకి తీసుకెళ్లిపోతే ఇద్దరూ కంగారు పడిపోతారు. పిల్లల అడ్రసు, ఫోన్ నంబర్ కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా పెట్టండి, ఫోన్ చార్జింగ్ అయిపోయినా అది పనికొస్తుంది.

అపోహ: "ఫ్లైట్ మిస్సయింది, డబ్బంతా పోయినట్టే, ఇంటికెళ్దాం."

వెంటనే ఇంటికెళ్లకండి. ముందు ఎయిర్‌లైన్ కౌంటర్‌కి వెళ్లి మాట్లాడండి, ఎందుకంటే మొదటి ఫ్లైట్‌కి రాకపోతే చాలా ఎయిర్‌లైన్స్ ఆ టికెట్‌లోని మిగతా ఫ్లైట్లు, రిటర్న్‌తో సహా, రద్దు చేసేస్తాయి. అది జరిగేలోపే చెబితే తేదీ మార్చుకునే వీలుంటుందేమో వాళ్లు చూస్తారు, డబ్బులు కట్టాల్సి వచ్చినా కొత్త టికెట్ కంటే తక్కువే అవ్వొచ్చు. ఏ దారీ లేకపోయినా, విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నియమాల ప్రకారం వాడని టికెట్ మీద ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజు తిరిగివ్వాలి, నాన్ రిఫండబుల్ టికెట్ అయినా సరే. ఏజెంట్ దగ్గర కొని ఉంటే ఆయన ద్వారా అడగండి.